పంటును పంటగా దిద్దిన పాపానికి

నేను చేసిన ఘనకార్యం

వెళ్ళొచ్చి పది రోజులైంది. అడిగినవాళ్ళందరికీ గోదావరి చూడ్డానికి వెళ్ళానని చెబుతున్నాను. అది సగమే నిజం. నిజానికి నేను వెళ్ళింది ఒక టీచరుగారిని క్షమించమని అడగడానికి.

మాది హనుమకొండ. ఇరవై రెండేళ్ళుగా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. అచ్చుతప్పు కంటబడితే నాకు అన్నం సయించదు. శుభలేఖలు, బస్సుల మీది రాతలు, చలివేంద్రం బోర్డులు, అన్నీ మనసులో దిద్దుకుంటూ నడుస్తాను. మూడేళ్ళ కిందట మా మేనకోడలు నా ఫోనులో ఒక మ్యాపు పెట్టింది. అందులో ఎవరి ఊరి సంగతులు వాళ్ళు రాసుకోవచ్చు, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దవచ్చు. దిద్దవచ్చు అన్న ఒక్క మాట చాలు నాకు. ‘దిద్దుబాటు’ అని పేరు పెట్టుకుని చేరిపోయాను. అప్పటినుంచి రోజూ అన్నం తిన్నాక ఓ గంటసేపు, జన్మలో చూడని ఊళ్ళ పేర్లు సరిచేస్తూ కూర్చునేదాన్ని.

అలాంటి ఒక రోజు గోదావరి పాయ ఒడ్డున ఎవరో “ఇక్కడ పంటు ఉంది” అని రాసిన మాట కనబడింది. పంటు ఏమిటి, పంట అయి ఉంటుంది అనుకున్నాను. కొమ్ము తీసేశాను. అంతటితో ఆగినా బాగుండేది. పంట ఉందన్నారు కదా అని ఆ చోటికి వరిచేను రంగు కూడా పూసి పెట్టాను.

రాసినవాళ్ళు మళ్ళీ కొమ్ము పెట్టారు. నేను మళ్ళీ తీశాను. అలా మూడుసార్లు జరిగింది. తగువు తీర్చడానికి మ్యాపే ఆ ఒడ్డున ఉన్నవాళ్ళ ఫోనులకు ఒక ప్రశ్న పంపింది. ఏరు దాటే సాధనం ఏదీ అక్కడ లేదని ఏడుగురు జవాబిచ్చినట్టు నాకు చూపించింది. తీర్పు నాకే అనుకూలమైంది, ఆ చోట ఇక ఎవరూ దిద్దకుండా మ్యాపు తాళం వేసింది. ఆ వేళ నేను గర్వంగా రెండో టీ కూడా తాగాను.

ఫిబ్రవరి చివర్లో నాకు ఉత్తరంలాంటి సందేశం ఒకటి వచ్చింది. “దిద్దుబాటుగారికి నమస్కారమండి. పంటు అంటే రెండు పెద్ద పడవలు జోడించి, పైన బల్లలు పరిచి, మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించేదండి. మీరు తీసేశాక ఫోను చూసుకుని వచ్చే బండ్లన్నీ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోతున్నాయి. బండ్లు లేక మధ్యాహ్నం ట్రిప్పు ఆపేస్తామంటున్నారు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులండి. మా బడిలో పిల్లలు పంతొమ్మిదిమంది. పదకొండుమంది అవతలి ఒడ్డు నుంచి వస్తారు. పన్నెండున్నరకి పంటు లేకపోతే సాయంత్రం దాకా ఎండలో పడి ఉండాలి, లేదంటే బడి మానుకోవాలి. వాళ్ళు మానేస్తే మిగిలిన ఎనిమిదిమందితో బడి నిలవదండి. కరుణ, టీచరు.”

నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. వెంటనే మ్యాపు తెరిచి సరిచేయబోతే తాళం అడ్డొచ్చింది. ఆ ఒడ్డున నిలబడి పదిహేనుమంది “ఉంది” అంటేనే తాళం తెరుచుకుంటుందట. ‘మ్యాపు పని చేసేదాన్ని, వచ్చి చూస్తాను’ అని సుగుణ అనే నా అసలు పేరుతో, టీచరుగారు సందేశం కింద ఇచ్చిన ఫోను నంబరుకు విడిగా జవాబు రాశాను. ఆ దిద్దుబాటు నేనేనని మాత్రం రాయలేదు. అంత ధైర్యం లేకపోయింది.

కడియం: మొక్కకు పేరు పెట్టే జనం

రాజమండ్రిలో రైలు దిగి నేరుగా పంటు రేవుకే పోవాలి. కానీ తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళేవాళ్ళకు దారిలో చూడవలసినవి చాలా గుర్తొస్తాయి. నాకు కడియం గుర్తొచ్చింది.

రోడ్డుకు రెండు వైపులా కనుచూపుమేర మొక్కలే. ఆడవాళ్ళు వరసగా కూర్చుని నల్లటి సంచుల్లోకి మట్టి నింపుతున్నారు. పక్కనే లారీలకు లోడింగు జరుగుతోంది. నేను వెళ్ళిన నర్సరీలో సీతారత్నంగారు ఫోనును ఒక వెదురుగెడకు కట్టి, దాని ముందు నిలబడి లైవులో మొక్కలు అమ్ముతున్నారు. “నమస్కారమండి అందరికీ, భోజనాలయ్యాయాండి?” అని ఆవిడ ఫోనును అడిగితే, ఎక్కడెక్కడివాళ్ళో ఏ కూరతో తిన్నారో రాస్తున్నారు.

ఎండ తగిలితే ఎర్రబడి, నీడకు జరిపితే పచ్చబడే క్రోటను మొక్క ఒకటి పైకెత్తి చూపించారు. దాని పేరేమిటని అడిగాను.

“నిన్నటిదాకా పేరు లేదండి. లైవులో అడిగితే ఎవరో ఒకాయన ‘అల్లుడుగారి అలక’ అని పెట్టారు. జనానికి తెగ నచ్చేసింది. ఆ పేరుతోనే రెండు లారీలు వెళ్ళిపోయాయండి.”

“అట్ల ఎవరంటే వాళ్ళు పేరు పెట్టుడు ఏందండి?” అన్నాను. నాలోని ప్రూఫ్ రీడరు ఊరుకోలేదు.

ఆవిడ నవ్వారు. “పిలిచేవాళ్ళకి తెలియాలి గానీ, పుస్తకంలో పేరు మనకెందుకండి?”

ఈ మాట నాకు చురుక్కుమంది. ఆవిడ తినమని చేతిలో పెట్టిన జామపండు కొరికాను. అప్పటికే ఆవిడ వెనక, ఫోనుకు సరిగ్గా ఎదురుగా నిలబడి ఉన్నానని తెలియదు. నోటినిండా జామపండుతో నన్ను రెండు వందలమంది చూశారు. “వెనకున్న ఆవిడ ఎవరు, ఆ జామ ఏ రకం” అని ప్రశ్నలు మొదలయ్యాయి. నా పుణ్యమా అని ఆ పూట ఆ రకం జామ మొక్కలు నలభై అమ్ముడుపోయాయట. ఒక మొక్క అరవై రూపాయలు. నాకొకటి ఊరికే ఇచ్చారు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మిగతా ప్రయాణమంతా చేశాను.

పాలకొల్లు: మర్యాద తెలిసిన డబ్బా

మర్నాడు శనివారం రావులపాలెం మీదుగా బస్సు. మా వైపు బస్సులో చోటు కావాలంటే “జర జరుగు” అంటాం, జరుగుతారు. ఇక్కడ “కొంచెం జరుగుతారాండి?” అన్నవారికి “ఆయ్, రండి, కూర్చోండి” అని జవాబు. చోటు మాత్రం అంతే వస్తుంది. కాలవ గట్టు వెంబడి దాళ్వా చేలు పచ్చగా ఉన్నాయి. వేసవికి ముందు వేసే రెండో పంటను ఇక్కడ దాళ్వా అంటారు. పంట అన్న మాట వినబడ్డప్పుడల్లా నేను కిటికీ వైపు తిరిగాను.

పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరుడి దర్శనమయ్యాక బజారులో దిబ్బరొట్టి తిన్నాను. అరచేతి మందాన మినపరొట్టె, పైన కరకర, లోపల మెత్తన. చెరకు పానకంలో ముంచుకు తినాలి. డెబ్బై రూపాయలు. సగం తినేసరికి రాత్రి భోజనం కూడా అయిపోయినట్టే అనిపించింది.

పక్కన పూజసామాను కొట్టు. అక్కడ ఫోనుతో డబ్బు కడితే అందిందని పలికే డబ్బా ఒకటుంది. అది పలికినప్పుడల్లా కొట్టాయన చేతులు జోడించి “సంతోషమండి” అంటున్నారు. కొన్నవాళ్ళతో అనుకున్నాను. కాదు, డబ్బాతోనే.

“దానికి దండం ఎందుకండి?” అని అడిగాను.

“పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నాతో ఇంత మర్యాదగా మాట్లాడేది ఇదొక్కటేనండి. జవాబివ్వకపోతే బాగోదు కదా” అన్నారాయన. లోపలినుంచి ఆయన భార్యగారు గొంతు సవరించుకున్నారు. ఆయన వెంటనే అగరొత్తుల కట్టలు సర్దడంలో పడిపోయారు.

ఆ రేవు

రేవు పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాసి చేసిన మేలు చాలు.

ఆటో దిగి గట్టెక్కాను. కింద గోదావరి పాయ నిండుగా, నెమ్మదిగా ఉంది. అవతలి ఒడ్డున కొబ్బరి తోటలు. ఏటి నడుమ పంటు వస్తోంది. రెండు పడవలు, వాటి మీద మా ఇంటి వాకిలంత బల్లల చపటా, ఒక పక్క ఇంజను. నాలుగు కార్లు ఎక్కే చోట రెండే రెండు మోటారు సైకిళ్ళు, చేపల బుట్టలతో ఆడవాళ్ళు. నేను వరిచేను రంగు పూసింది సరిగ్గా దీని మీద.

కరుణ టీచరుగారు గొడుగు వేసుకుని ఎదురొచ్చారు. సన్నటి మనిషి, గట్టి గొంతు. “సుగుణగారాండి? ఇంత దూరం మాకోసం వచ్చారు. ఆ పంటు నడిపేది సరంగు సత్యంగారండి. మంచాయన. ఆయన మాత్రం ఏం చేస్తారు? ఖాళీగా తిప్పితే ఆయిలు ఖర్చు కూడా రాదని రేవును వేలంలో పాడుకున్న పాటదారు అంటున్నాడంట” అన్నారు.

వాళ్ళింట్లో ఆ రాత్రి చింతచిగురు రొయ్యలు. ఆవిడ భర్త దానియేలుగారు పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నెమ్మదైన మనిషి, అబద్ధమంటే గిట్టదు. ఇద్దరూ నా విస్తట్లో కొసరి కొసరి వడ్డిస్తూ ఆ ‘దిద్దుబాటు’ ఎవడో ఎంత మూర్ఖుడో వివరించారు. రొయ్యలు ఎంత రుచిగా ఉన్నాయంటే, అవమానంతోనే మూడోసారి కూడా వడ్డించుకున్నాను.

ఆదివారం ప్రార్థన

పొద్దున్నే వాళ్ళతో లూథరన్ చర్చికి వెళ్ళాను. పాటలయ్యాక అయ్యగారు, అంటే వాళ్ళ పాస్టరు, ప్రార్థన మనవులు చదివారు. జ్వరాలు, పరీక్షలు, ఒక ప్రసవం. చివరగా, “ఎక్కడో కూర్చుని మన పంటును తుడిచేసిన ఆ దిద్దుబాటు అనే వ్యక్తి మనోనేత్రాలు తెరువు తండ్రీ. ఆయనను శిక్షించవద్దు, బుద్ధి దయచేయి” అన్నారు. జనమంతా ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. నా పక్కనున్న ముసలామె అందరికంటే గట్టిగా అంది.

ఇక ఆపుకోలేకపోయాను. ఇంటికొచ్చి భోజనానికి కూర్చోగానే చెప్పేశాను.

“టీచరుగారూ, ఆ దిద్దుబాటు ఆయన కాదండి. ఆమె. నేనే.”

కరుణగారి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. నా వైపు చూళ్ళేదు. “మూడుసార్లు పెట్టానండి. మూడుసార్లూ తీసేశారు. ఒక్కసారి, ఒక్కసారి పంటు అంటే ఏంటండి అని అడగలేకపోయారా?”

తప్పు నాదే, అయినా నోరు ఊరుకోదు కదా, “ఈ ఊరివాళ్ళే ఏడుగురు లేదన్నరు గదండి” అన్నాను.

“మా ఊళ్ళో లేదనేవాళ్ళెవరండి? అందరికీ చెప్పి మరీ పంపాను, ఫోను అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండని!”

అప్పుడు దానియేలుగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. “నేనూ లేదనే నొక్కాను” అన్నారు నెమ్మదిగా.

కరుణగారు ఆయన వైపు తిరిగారు. “మీరా?”

“ఇక్కడ ఓడ నడుస్తుందా అని అడిగింది మరి. ఓడంటే బైబిల్లో నోవహుది, జలప్రళయం నాటిది. గోదాట్లో ఓడేంటి? ఉన్నదున్నట్టు చెప్పమన్నావు, చెప్పాను. పక్కింటి అచ్చమ్మగారూ, ఆవిడ కోడలూ, మిగతావాళ్ళూ అందరం కూడబలుక్కునే నొక్కాం.”

కరుణగారికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశారు, ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ “నేనింతకాలం ఈవిడొక్కర్నే తిట్టానండి. ఇంట్లో మనిషిని వదిలేసి” అన్నారు. నవ్వు తగ్గాక మాత్రం నా వైపు వేలు చూపించి, “మీరు ఇది సరిచేసే ఇంటికెళ్ళాలి. అప్పటిదాకా పంపను” అన్నారు. అది కోపమే, కానీ ఇంకో గరిటెడు పప్పు కూడా వేశారు.

ఓడ అనే మాట

పరిష్కారం తేలికనుకున్నాను. ఓడ అన్నచోట ఉందని నొక్కండి, సరిపోతుంది అన్నాను. దానియేలుగారు ఒప్పుకోలేదు.

“అబద్ధం నొక్కమంటారాండి?”

“అబద్ధం గాదండి, అర్థం అదే.”

“అర్థం ఒకటైతే చాలంటే మీరెందుకండి పంటుని పంటగా దిద్దారు?” అన్నారాయన. ఎంతో మర్యాదగా అన్నారు.

మిగిలింది ఒకటే దారి. ఆ మ్యాపు అడిగే ప్రశ్నలను తెలుగులో పెట్టేది కూడా మాలాంటివాళ్ళే. ఎవరైనా ఒక మాట సూచించవచ్చు, ఇంకెవరో ఒకరు సరేనంటే అది మారుతుంది. ఆ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ‘ఓడ’ తీసేసి, “ఇక్కడ జనాన్ని ఏరు దాటించే పంటు గాని పడవ గాని నడుస్తుందా?” అని రాసి పంపాను. మొదటిసారిగా నా రాతను దిద్దమని ఇంకొకరికి ఇచ్చి కూర్చున్నాను.

గంటకు జవాబొచ్చింది. ఎవరో నాలాంటి మహానుభావుడు ఇలా రాశాడు: “సూచన బాగుంది. కానీ అచ్చుతప్పు ఉంది. పంటు కాదు, పంట అని ఉండాలి. కొమ్ము తీసివేస్తున్నాను.”

కరుణగారికి చదివి వినిపించాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఏమీ తెలియని మనిషి, ఎక్కడో కూర్చుని, అడక్కుండా, ఎంత నమ్మకంగా రాశాడో! అరనిమిషం అలా మండిపడ్డాక, వాడి మీద జాలి కలిగింది. నా మీద కూడా.

రేవుకి పరిగెత్తాను. సాయంత్రం ట్రిప్పులో పంటు ఒడ్డుకు చేరుతుంటే ఫోటో తీశాను. ఒక ట్రాక్టరు, మోటారు సైకిళ్ళు, ఒక గేదె, పాతికమంది మనుషులు. కింద రాశాను: “అయ్యా, ఇది పంటు. నేనూ మీలాగే కొమ్ము తీసేసి పెద్ద తప్పు చేశాను. దయచేసి కొమ్ము ఉంచండి.” సోమవారం తెల్లారేసరికి అవతలి మనిషి జవాబిచ్చాడు. “క్షమించాలి. ఎప్పుడూ చూడలేదు. ఎక్కాలని ఉంది.” ప్రశ్న మారింది.

ఇక పదిహేనుమంది కావాలి. ఒడ్డున నిలబడే నొక్కాలి, ఏట్లోకి వెళితే ఫోను ఒప్పుకోదు. ఇక్కడి జనానికేమో ఫోను చూసుకునే తీరిక ఏటి నడుమే దొరుకుతుంది. ఒడ్డున అందరూ ఎక్కే హడావిడిలో ఉంటారు. ఆ సాయంత్రం బడి అయ్యాక కరుణగారు వెళ్ళి సరంగు సత్యంగారిని పది నిమిషాలు ఆపమని అడిగారు.

“పదేంటండి, మీరు చెప్పేదాకా తాడు విప్పను” అన్నారాయన.

చేపలమ్మే గంగాభవానిగారు మాత్రం నన్ను ఎగాదిగా చూశారు. “నొక్కితే ఏమొస్తుందండి?”

“మధ్యాహ్నం ట్రిప్పొస్తదండి” అన్నాను.

ఆవిడ బుట్ట దించి, తడిచెయ్యి చీరకు తుడుచుకుని నొక్కారు. ఆవిడ వెనక ముగ్గురు. దానియేలుగారు కళ్ళజోడు పెట్టుకుని, ప్రశ్న రెండుసార్లు చదివి, “ఇప్పుడు సరిగ్గా ఉంది” అని నొక్కారు. ఏడుగురిలో మిగిలిన ఆరుగురినీ ఆయనే ఇళ్ళ నుంచి పిలుచుకొచ్చారు. నెట్టు లేనివాళ్ళకు కరుణగారు తన ఫోను నుంచి ఇచ్చారు. పదిహేనో మనిషిగా సత్యంగారు ఇంజను దగ్గరనుంచి లేచొచ్చి నొక్కారు. ఆ ట్రిప్పు అరగంట ఆలస్యంగా బయల్దేరింది, ఎవరూ విసుక్కోలేదు.

బుధవారం

మంగళవారం పొద్దున మ్యాపులో నా వరిచేను మాయమైంది. ఏటికి అడ్డంగా సన్నటి నీలం గీత, దాని మీద పంటు అన్న మాట. కొమ్ముతో సహా. దానియేలుగారు ఆ గీతను వేలితో పెద్దది చేసి చాలాసేపు చూశారు.

అయినా గీత పడినంత మాత్రాన ట్రిప్పు ఉంటుందని ఎవరూ అనలేదు. బండ్లు రావాలి. మంగళవారమంతా కొత్తగా వచ్చినవి నాలుగు మోటారు సైకిళ్ళే. బుధవారం సాయంత్రం నా రైలు. కరుణగారు ఆ పూట సెలవు పెట్టి, పన్నెండింటికి నాతో రేవు దగ్గరికొచ్చారు. ఇద్దరం గట్టు మీద గొడుగు కింద నిలబడ్డాం. ఎండ మాడ్చేస్తోంది. రోడ్డు ఖాళీగా ఉంది.

పన్నెండూ ఇరవైకి ఒక తెల్ల కారు గట్టెక్కింది. వెనకే ఇంకొకటి. పెళ్ళిచూపులకు అవతలి ఊరు వెళ్తున్నవాళ్ళు, పళ్ళబుట్టలతో. ఆ వెనక ప్లాస్టిక్ కుర్చీల వ్యాను. సత్యంగారు గబగబా బల్ల దించి, మొదటి కారాయన్ని అడిగారు.

“ఈ దారి మీకెవరు చెప్పారండి?”

“ఫోనేనండి. వంతెన మీదుగా అయితే ఇంకో గంట పడుతుందంది.”

సత్యంగారు కార్లు ఎక్కించారు, వ్యాను ఎక్కించారు, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టారు. తాడు విప్పబోతూ ఆగి, గట్టు వైపు తలెత్తారు.

“టీచరుగారూ! ఒంటిపూట బడులు ఎప్పట్నుంచండి?”

“సోమవారం నుంచండి” అన్నారు కరుణగారు. గట్టు మీంచి వినబడదేమోనని మళ్ళీ గట్టిగా అన్నారు.

“పిల్లల్ని ఎండలో పరిగెత్తుకుని రావద్దనండి,” అన్నారాయన తాడు చుట్టుకుంటూ. “వాళ్ళొచ్చేదాకా ఆపుతాను.”